ఫ్రెంచ్ పాలిష్ పనిలో బతుకుతెరువు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడు ఇంటర్ పాసయ్యాడు. డిగ్రీలో చేరమంటే, పాత టేకు సామానుకి ఫ్రెంచ్ పాలిష్ వేయడం నేర్చుకుంటానంటున్నాడు. కూలిపని అని వాళ్ల నాన్నగారికి కోపం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, అమలాపురం

అమ్మా, నేర్చుకోనివ్వండి. కాకపోతే ముందు వడ్రంగం, ఆ తర్వాతే పాలిష్. ఊగుతున్న కుర్చీ కాలు బిగించడం రానివాడికి పాత సామాను ఎవరూ అప్పగించరు. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు ఏడాది కోర్సు. అది చదువుతూనే సెలవుల్లో మంచి పాలిష్ మేస్త్రి దగ్గర పనికి పంపండి.

ఫ్రెంచ్ పాలిష్‌కి లక్కను స్పిరిట్‌లో కరిగించి, నూలుగుడ్డలో చుట్టిన దూది ఉండతో పలచగా, పూత మీద పూత రుద్దుతారు. గుడ్డ పట్టేయకుండా ఒక చుక్క నూనె వేస్తారు. చెయ్యి ఒక్క క్షణం ఆగినా గుడ్డ అతుక్కుని కింది పూత చెదిరిపోతుంది. అందుకే ఇది మేస్త్రి పక్కన నిలబడి నేర్వాల్సిన పని. మొదటి నెలలన్నీ ఎమరీ పేపరుతో చెక్క చారల వెంబడి రుద్దడమే. ఆ ఓపిక మీవాడికి ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. స్పిరిట్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. వానాకాలంలో గాలిలోని తేమ అక్కడ చేరి పూత తెల్లగా మసకబారుతుంది. ముసురు రోజుల్లో పని ఆపాల్సిందే. పైగా వేడి గిన్నె పెడితే లక్క పూతకి మచ్చ పడుతుంది కాబట్టి భోజనాల బల్లకి అది పనికిరాదు. కొత్త ఇళ్లవాళ్లు మెలమైన్, పీయూ (పాలియురేథేన్) అనే గట్టి పూతలు అడుగుతున్నారు, అవీ నేర్వాలి. రోజువారీ సంపాదన వాటి మీదే.

మరి ఫ్రెంచ్ పాలిష్ ఎందుకంటారా? కోనసీమ మండువా లోగిళ్లలో ఉయ్యాలబల్లలు, పందిరి మంచాలు, భోషాణాలు ఇంకా ఉన్నాయి. వాటిని మిషను పెట్టి గీకేసి నిగనిగలాడే వార్నిష్ కొడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఏళ్ల తరబడి తేరిన రంగు ఒక్క పూటలో పోతుంది. లక్క పూతకి ఆ అవసరమే లేదు. పాత పూత స్పిరిట్‌కి మళ్లీ మెత్తబడుతుంది, కొత్త పూత అందులో కలిసిపోతుంది. కనపడని మూల స్పిరిట్ అద్దిన దూదితో రుద్ది చూడాలి. జిగటగా కరిగితే లక్కే. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలిసిన పనివాణ్ణి జనం వెతుక్కుంటూ వస్తారు.

జాగ్రత్తలూ చెప్పండి. స్పిరిట్ దగ్గర నిప్పు ఉండకూడదు, గదిలో గాలి ఆడాలి. అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయాలి.

వాళ్ల నాన్నగారికి ఈ మాట చెప్పండి: 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులూ ఉన్నారు. పనిముట్లకి 15,000 రూపాయలు, తొలివిడతగా 5 శాతం వడ్డీకి లక్ష వరకు రుణం. అయితే 18 ఏళ్లు నిండి, అప్పటికే పని చేస్తూ ఉండాలి. ఈలోగా దూరవిద్యలో బీకాం కట్టించండి. రేపు సొంత షెడ్డు పెడితే లెక్కలు, జీఎస్టీ తనే చూసుకోగలడు, ఆయనకీ డిగ్రీ బెంగ తీరుతుంది.