దైవశాస్త్రం, మానవ హక్కులు: చిన్న కళాశాలలో చేరవచ్చా?

ప్రశ్న: దైవశాస్త్రం, మానవ హక్కులు కలిపి డిగ్రీ చేయాలని ఉంది. సీటు వచ్చిన కళాశాల చాలా చిన్నది. ‘పేరు లేని కళాశాల, పనికిరాని చదువు’ అని ఇంట్లో అంటున్నారు. చేరవచ్చా?

జవాబు: మీ ఇంట్లోవారి భయాన్ని తీసిపారేయలేను. ఈ డిగ్రీ ఒక్కటే చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. పనికిరాని చదువన్న మాటను మాత్రం ఒప్పుకోను.

ఈ రెండు సబ్జెక్టులకూ ఒకదానితో ఒకటి పడదు. అసలు చదువంతా ఆ పేచీలోనే ఉంది. అమెరికా మూలవాసుల మీద యుద్ధం న్యాయమా అని 1550లో స్పెయిన్‌లో పెద్ద చర్చ జరిగింది. న్యాయమేనన్న పండితుడు సెపుల్వేడా, కాదన్న క్రైస్తవ మతగురువు లాస్ కసాస్ ఇద్దరూ బైబిలునే ఆధారంగా చూపారు. 1948లో ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన రాస్తున్నప్పుడు, మొదటి అధికరణలో దేవుడి ప్రస్తావన ఉండాలని బ్రెజిల్ కోరింది. చైనా ప్రతినిధి పి.సి. చాంగ్ వద్దన్నారు. ఆ ప్రస్తావన లేకుండానే డిసెంబరు 10న ప్రకటన ఆమోదం పొందింది. మతం మార్చుకునే స్వేచ్ఛను చెప్పే 18వ అధికరణపై అభ్యంతరం తెలిపిన సౌదీ అరేబియా ఓటు వేయకుండా ఉండిపోయింది.

హక్కు దేవుడిచ్చిందా, మనుషులు కూర్చుని ఒప్పుకున్నదా అని మీతో గంటసేపు వాదించే అధ్యాపకులుంటే ఎంత చిన్న కళాశాలైనా చేరండి. ‘అన్ని మతాలూ హక్కులను గౌరవిస్తాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేసే చోటైతే, ఎన్ని భవనాలున్నా వద్దు.

చిన్న చోట ముగ్గురో నలుగురో అధ్యాపకులుంటారు. ఒకరు మానేస్తే ఒక సబ్జెక్టు మొత్తం పోతుంది. అందుకే మానవ హక్కులు చెప్పేది ఎవరో అడగండి. న్యాయశాస్త్రం చదివినవారా, క్షేత్రంలో పనిచేసినవారా, లేక తీరిక ఉందని ఎవరికో అంటగట్టారా? సిలబస్ తెప్పించుకుని, 1966 నాటి రెండు అంతర్జాతీయ ఒడంబడికలు (ఒకటి పౌర, రాజకీయ హక్కులపై, రెండోది ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులపై) పాఠంగా ఉన్నాయో, పేరుకే ఉన్నాయో చూడండి. వేరే మతం వారికి, ఏ విశ్వాసమూ లేనివారికి తరగతిలో నోరు విప్పే వీలుందో లేదో పాత విద్యార్థులే నిజం చెబుతారు. అన్నిటికంటే ముందు డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో తేల్చుకోండి. అది లేకపోతే పై చదువులకు దారి మూసుకుపోతుంది.

పేరు సంగతి అంటారా, మార్టిన్ లూథర్ కింగ్ 1951లో పట్టా పుచ్చుకున్న క్రోజర్ సెమినరీ (క్రైస్తవ మతబోధకులను తయారుచేసే కళాశాల) చిన్నదే. ఇంట్లో ఈ ఉదాహరణ ఎత్తకండి, ఎవరూ ఒప్పుకోరు. పైగా ఆయన అక్కడితో ఆగలేదు, బోస్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. మీరూ ఈ డిగ్రీకి ఇంకొకటి జోడించాల్సిందే. కోర్టులో వాదించాలంటే న్యాయశాస్త్ర పట్టా కావాలి. బోధనకు పీజీ, ఆ పైన పరిశోధన తప్పవు. శరణార్థుల సంస్థలు, హక్కుల సంఘాలు పట్టాకంటే పనితనం చూస్తాయి. జీతాలు మొదట్లో తక్కువే.

ఆ పనితనం ఎలాంటిదో చెబుతాను. ఊరు విడిచి వచ్చిన ఒక స్త్రీ వాంగ్మూలం మీరు రాసుకోవాలి. పేరు బయటపెట్టడానికి ఆమెకు సమ్మతమేనా అన్నది మొదటే అడగాలి. ఆమె కళ్లారా చూసింది ఒక పేరా, ఎవరో చెబితే విన్నది మరో పేరా. తేదీ గుర్తులేక ‘కోతల రోజుల్లో’ అంటే అదే రాయాలి, మీరు నెల ఊహించి వేయకూడదు. మీ కోపం ఎక్కడా కనబడకూడదు. గ్రంథాన్ని పదం పదం పట్టి చదివిన దైవశాస్త్ర విద్యార్థికి ఇది తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. మొదటి ఏడాది సెలవుల్లోనే ఏదైనా సంస్థలో చేరి నేర్చుకోండి. ఇంకో భాష వస్తే మరీ మంచిది.

ఫీజు కోసం పెద్ద అప్పు చేయాల్సి వస్తే మాత్రం ఆగండి. ఈ రంగంలో తొలి జీతాలతో ఆ వాయిదాలు కట్టలేరు. తక్కువ ఖర్చయ్యే చోట చరిత్రో రాజనీతిశాస్త్రమో చదివి, దైవశాస్త్రాన్ని పీజీలో తీసుకోవచ్చు.