మూడో టర్బైన్‌కూ అవే నీళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సాగునీటి కాలువ డ్రాప్ (నీరు ఒక్కసారిగా కిందికి దిగే చోటు) మీద మా కుటుంబానికి రెండు మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కొక్క మెగావాట్ టర్బైన్లు రెండు పదిహేనేళ్లుగా నడుస్తున్నాయి. వానాకాలంలో కాలువ నిండుగా పారే రోజుల్లో మిగులు నీరు బైపాస్ గేట్ల మీదుగా వృథాగా దిగిపోతున్నందున, మరో మెగావాట్ టర్బైన్ పెట్టాలని అనుకుంటున్నాము. అంచనా వ్యయం 9 కోట్ల రూపాయలు. గత ఐదేళ్ల ఉత్పత్తి వరుసగా 61, 54, 68, 39, 63 లక్షల యూనిట్లు. విస్తరణ తర్వాత ఏటా 82 లక్షల యూనిట్లు రావచ్చునని మా ఇంజనీరు లెక్క వేశారు. కొత్త టర్బైన్ ఉత్పత్తి మొత్తానికీ కార్బన్ క్రెడిట్లు వస్తాయనీ, పెట్టుబడిలో సగం వాటితోనే తిరిగి వస్తుందనీ చెబుతూ ఒక కన్సల్టెంటు ముందస్తు రుసుము అడుగుతున్నారు. ఆయన మాట నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: నమ్మవద్దు. ఒక కార్బన్ క్రెడిట్ అంటే ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు ఉద్గారాలను తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోదగిన ధ్రువపత్రం. రుసుము సంగతి అటుంచి, కొత్త టర్బైన్ ఉత్పత్తి మొత్తానికీ క్రెడిట్లు వస్తాయన్న మాటే నియమాలకు విరుద్ధం. సౌర విద్యుత్ కేంద్రంలో కొత్తగా పలకలు అమర్చితే పాత పలకల మీద పడే ఎండ తగ్గదు కాబట్టి, కొత్త వాటికి వేరే మీటరు పెట్టి అందులో నమోదైనదంతా అదనపు ఉత్పత్తిగా చూపించవచ్చు. జలవిద్యుత్తులో అలా కుదరదు. మీ మూడో టర్బైన్ తాగేది మొదటి రెండూ తాగే నీళ్లనే. కాలువలో ప్రవాహం తగ్గిన రోజున కొత్త యంత్రం సమర్థంగా పనిచేస్తుందని దాన్ని నడిపి పాత యంత్రాన్ని ఆపితే, కొత్త మీటరు గిర్రున తిరుగుతుంది గానీ గ్రిడ్‌కు అదనంగా చేరే విద్యుత్తు స్వల్పమే. ఈ కారణంగానే, ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో నడిచిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం, అంటే సీడీఎం, తన పద్ధతుల్లో జలవిద్యుత్ విస్తరణను గాలి, సౌర విద్యుత్తుల నుంచి వేరు చేసి, కేంద్రం మొత్తం ఉత్పత్తిని పాత చరిత్రతో పోల్చి చూడాలని నిర్దేశించింది. ఏ పథకం కింద వెళ్లినా పరిశీలకులు ముందుగా అడిగేది ఈ పోలికనే.

ఆ పోలిక ఎలా చేస్తారో మీ అంకెలతోనే చూద్దాం. కనీసం ఐదేళ్ల ఉత్పత్తి సగటును తీసుకుని, దానికి ఆ ఐదేళ్ల ప్రామాణిక విచలనాన్ని, అంటే ఏడాదికీ ఏడాదికీ మధ్య ఉండే హెచ్చుతగ్గుల కొలతను కలుపుతారు. మీ సగటు 57 లక్షల యూనిట్లు, విచలనం సుమారు 11 లక్షలు. రెండూ కలిపితే 68 లక్షలు. విస్తరణ తర్వాత ఒక ఏడాదిలో కేంద్రం మొత్తం ఉత్పత్తి ఈ 68 లక్షలను దాటితేనే, దాటినంత మేరకే క్రెడిట్లకు అర్హత ఉంటుంది. ఈ గీత సరిగ్గా మీ ఐదేళ్లలోని అత్యుత్తమ సంవత్సరం దగ్గర పడిందని గమనించండి. 39 లక్షల కరువు సంవత్సరం సగటును కిందికి లాగినా విచలనాన్ని పెంచినందువల్ల మీకు ఒరిగిందేమీ లేదు. దాన్ని తీసివేసి మిగిలిన నాలుగేళ్లకే లెక్క కట్టినా గీత 67 లక్షల దగ్గరే పడుతుంది.

మీ ఇంజనీరు చెప్పిన 82 లక్షలు నిజంగానే వచ్చాయనుకుందాం. విద్యుత్ అమ్మకంలో మీకు పెరిగేది సగటు మీద 25 లక్షల యూనిట్లు. క్రెడిట్ల లెక్కకు వచ్చేవి 14 లక్షల యూనిట్లే. మన దేశపు గ్రిడ్‌లో ఒక మెగావాట్ గంటకు, అంటే వెయ్యి యూనిట్లకు, సుమారు 0.7 టన్ను బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే గణాంకాలు సూచిస్తున్నాయి. ఆ లెక్కన మీకు వచ్చేవి ఏటా సుమారు 980 క్రెడిట్లు. టన్నుకు 300 రూపాయలు పలికితే దాదాపు మూడు లక్షలు, వెయ్యి రూపాయలు పలికినా పది లక్షల లోపే. అందులోంచి ధ్రువీకరణ సంస్థకు, క్రెడిట్ల ఖాతాలు నిర్వహించే రిజిస్ట్రీకి, కన్సల్టెంటుకు చెల్లించవలసినవి పోవాలి. మరోవైపు, యూనిట్‌కు నాలుగు రూపాయల ధర అనుకుంటే విద్యుత్ అమ్మకం మీద మీకు పెరిగే ఆదాయం కోటి రూపాయలు. 9 కోట్లలో 70 శాతం అప్పు తెచ్చి పది శాతం వడ్డీ కడితే మొదటి ఏడాది వడ్డీయే 63 లక్షలు. కార్బన్ సొమ్ము ఇక్కడ కొసరే గానీ అసలు కాదు. పెట్టుబడిలో సగం ఎక్కడి నుంచి వస్తుందో ఆ కన్సల్టెంటునే కాగితం మీద చూపించమనండి.

కాలువలో నీళ్లు రాని ఏడాది సంగతి కూడా ముందే ఆలోచించాలి. మూడు టర్బైన్లు ఉన్నా ఉత్పత్తి 45 లక్షలకు పడిపోతే ఆ ఏడాది మీకు ఒక్క క్రెడిట్ కూడా రాదు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. విద్యుత్ ఆదాయం తగ్గిన ఏడాదే కార్బన్ ఆదాయం పూర్తిగా మాయమవుతుంది కాబట్టి, ఒకటి పోతే మరొకటి ఆదుకుంటుందన్న ధీమా ఈ వ్యాపారంలో పెట్టుకోకూడదు.

ఇక దీనిలో ఉన్న అసలు చిక్కు వేరు. క్రెడిట్లు కావాలంటే, ఆ సొమ్ము లేకపోతే ఈ విస్తరణ జరిగేదే కాదని మీరు నిరూపించాలి. దీనినే అదనపుదనం అంటారు. అప్పు కావాలంటే మాత్రం, కార్బన్ సొమ్ము రాకపోయినా వాయిదాలు కట్టగలమని బ్యాంకుకు చూపించాలి. ఒకే ప్రాజెక్టు నివేదికను ఒక బల్ల మీద నష్టంగానూ మరో బల్ల మీద లాభంగానూ చదివి వినిపించే నేర్పు కొందరికి ఉంటుంది. నిజాయతీగా ఈ రెండు షరతులకూ ఒదిగే ప్రాజెక్టులు లేకపోలేదు గానీ, అవి సన్నటి గట్టు మీద నడిచేవి: అప్పు తీర్చేందుకు సరిపడా ఆదాయం ఉండి, యజమాని ఆ పెట్టుబడికి ఆశించదగిన ప్రతిఫలం కంటే కాస్త తక్కువ వచ్చేవి. మీరు ఆ కోవలోకి వస్తారనుకుంటే, టర్బైన్‌కు ఆర్డరు ఇవ్వకముందే కార్బన్ ఆదాయాన్ని పరిగణనలోకి తీసుకున్నట్లు సమావేశపు తీర్మానాల్లో నమోదు చేసి, సంబంధిత సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయండి. యంత్రాలు బిగించిన తర్వాత గుర్తుకు వచ్చిన క్రెడిట్లకు ఎవరూ విలువ ఇవ్వరు.

ఏ పథకం కింద వెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. 2005లో క్యోటో ఒప్పందం అమలులోకి వచ్చాక సీడీఎం కింద మన చిన్న జలవిద్యుత్ కేంద్రాలు చాలానే నమోదయ్యాయి. 2008లో ఇరవై యూరోలు దాటిన క్రెడిట్ ధర, ఐరోపా కొనుగోళ్ల మీద ఆంక్షలు, మితిమీరిన సరఫరా కారణంగా 2012 చివరికి ఒక యూరో కంటే దిగువకు పడిపోయింది. ఇప్పుడు ఆ తలుపే మూసుకుపోయింది. చట్టపరమైన నిర్బంధం లేకుండా సంస్థలు క్రెడిట్లు కొనే స్వచ్ఛంద మార్కెట్‌లో, వాటిని జారీ చేసే పెద్ద సంస్థ అయిన వెర్రా, అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలో లేని దేశాల నుంచి గ్రిడ్‌కు అనుసంధానమైన కొత్త జలవిద్యుత్ ప్రాజెక్టులను తన 2019 నాటి నియమాలతో మినహాయించింది. మన దేశం ఆ జాబితాలో లేదు. పారిస్ ఒప్పందం ఆరవ అధికరణం కింద విదేశాలకు క్రెడిట్లు అమ్మేందుకు భారత ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన 13 కార్యకలాపాల్లో సముద్ర పవన విద్యుత్తు, హరిత హైడ్రోజన్ వంటివి ఉన్నాయి గానీ మామూలు చిన్న జలవిద్యుత్తు లేదు. మిగిలింది మన సొంత కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం. 2022లో సవరించిన ఇంధన సంరక్షణ చట్టం కింద 2023 జూన్‌లో దీన్ని నోటిఫై చేశారు. ఇంధన సామర్థ్య సంస్థ దీని నిర్వాహకురాలు, గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రీ, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి వర్తక నియంత్రణాధికారి. ఉద్గారాల తగ్గింపు లక్ష్యాల బాధ్యత లేని మీవంటి వారు స్వచ్ఛందంగా చేరేందుకు అదే ఏడాది డిసెంబరులో ఆఫ్‌సెట్ విభాగాన్ని చేర్చారు. ఆ విభాగానికి ఆమోదించిన పద్ధతుల పాఠాన్ని ఇంధన సామర్థ్య సంస్థ వెబ్‌సైటు నుంచి తీసుకుని, విస్తరణకు సంబంధించిన పేరాలను మీ ఇంజనీరుతో కూర్చుని చదివిన తర్వాతే ఎవరికైనా రుసుము చెల్లించండి.

డిస్కంతో, అంటే విద్యుత్ పంపిణీ సంస్థతో, మీకున్న విద్యుత్ కొనుగోలు ఒప్పందాన్ని కూడా బయటికి తీయండి. కార్బన్ ఆదాయం ఎవరిదన్న షరతు అందులో ఎక్కడో ఒక మూల ఉండే ఉంటుంది. కేంద్ర మండలి పునరుత్పాదక టారిఫ్ నియమాల్లో అనుసరించిన సూత్రం ప్రకారం, మొదటి ఏడాది ఆదాయమంతా ఉత్పత్తిదారుడిది. రెండో ఏడాది నుంచి పది శాతం చొప్పున పెరుగుతూ కొనుగోలుదారుల వాటా యాభై శాతానికి చేరి అక్కడ స్థిరపడుతుంది. మీ ఒప్పందంలో ఈ సూత్రమే ఉంటే, పైన చెప్పిన మూడు లక్షలు ఆరో ఏటికి లక్షన్నర అవుతాయి. సామర్థ్యం పెంచాలంటే ఆ ఒప్పందాన్ని సవరించుకోవాలి, నీటిపారుదల శాఖ అనుమతీ తీసుకోవాలి కాబట్టి, ఈ షరతును తిరిగి చర్చించేందుకు అదే తగిన సందర్భం.

అడగని సలహా ఒకటి ఇస్తున్నాను. తొమ్మిది కోట్లు ఖర్చు పెట్టే ముందు, నిండుగా పారే రోజున మీ కేంద్రం ముందున్న చెత్త జాలీ దగ్గర నిలబడి, జాలీకి ఇవతలా అవతలా నీటిమట్టాలు కొలవండి. గుర్రపు డెక్క, అరటి బోదెలు, ప్లాస్టిక్ సంచులు అడ్డుపడి ముప్పై సెంటీమీటర్ల తేడా ఉంటే, ఐదు మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటిలో ఆరు శాతం శక్తిని మీరు ఆ చెత్తకే సమర్పిస్తున్నట్లు లెక్క. పదిహేనేళ్లు ఇసుక నీళ్లు తిన్న రన్నర్ (టర్బైన్‌లో తిరిగే చక్రం) రెక్కలు ఎంత అరిగాయో కూడా చూపించండి. అలాగే నీటిపారుదల శాఖ రిజిస్టర్ల నుంచి పదేళ్ల రోజువారీ విడుదలలు తెచ్చుకుని, రెండు టర్బైన్ల అవసరానికి మించి నీరు పారిన రోజులు ఏడాదికి ఎన్నో లెక్కపెట్టండి. యాసంగిలో ఆయకట్టుకు ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో తడులు ఇచ్చే కాలువల మీద, కళ్లకు కనిపించిన వరద పది రోజుల ముచ్చటగా తేలిన సందర్భాలు ఉన్నాయి. శ్రీరాంసాగర్ దగ్గర పోచంపాడు కేంద్రానికి నాలుగో టర్బైన్ చేర్చి 27 మెగావాట్ల నుంచి 36 మెగావాట్లకు పెంచారు. అక్కడైనా మీ దగ్గరైనా పెరిగేది స్థాపిత సామర్థ్యమే, పైనుంచి వచ్చే నీరు కాదు.

ప్రశ్న: జలాశయాల్లో మునిగిన మొక్కలు కుళ్లి మీథేన్ వెలువడుతుందని చదివాను. అటువంటప్పుడు జలవిద్యుత్తుకు కార్బన్ క్రెడిట్లు ఇవ్వడం సమంజసమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: మీరు చదివింది నిజమే, నియమాలు రాసినవారు దాన్ని విస్మరించలేదు. స్థాపిత సామర్థ్యాన్ని జలాశయ విస్తీర్ణంతో భాగించి శక్తి సాంద్రతను లెక్కకడతారు. చదరపు మీటరుకు పది వాట్ల కంటే ఎక్కువ ఉంటే జలాశయ ఉద్గారాలను సున్నాగా తీసుకుంటారు. నాలుగుకూ పదికీ మధ్య ఉంటే యూనిట్‌కు 90 గ్రాముల చొప్పున ఉద్గారాలను మినహాయిస్తారు. కొత్త జలాశయానికి నాలుగు కూడా రాకపోతే సాధారణంగా అర్హతే ఉండదు. ఉదాహరణకు, పది చదరపు కిలోమీటర్లు ముంచి 15 మెగావాట్లు పెడితే వచ్చేది ఒకటిన్నర వాట్లే. మన కాలువ డ్రాపుల మీద కట్టిన కేంద్రాలు కొత్తగా భూమిని ముంచవు. ఉన్న జలాశయాన్ని పెంచకుండా దాని దగ్గర టర్బైన్ చేర్చినప్పుడు కూడా ఈ షరతు అడ్డు రాదు, ఎందుకంటే ఆ మీథేన్ టర్బైన్ ఉన్నా లేకున్నా వెలువడేదే. ఈ గీతలు ఉష్ణమండల జలాశయాల వాస్తవాన్ని పూర్తిగా పట్టుకోలేవన్న విమర్శ ఉంది, అది సహేతుకమైన విమర్శే. అయినా విస్తరణ ప్రాజెక్టుల్లో మీథేన్ కంటే అదనపుదనమే పెద్ద సందేహమని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది మాదాపూర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. మా కార్యాలయపు విద్యుత్ వినియోగానికి పరిహారంగా చిన్న జలవిద్యుత్ కేంద్రాల పాత క్రెడిట్లు చవకగా ఇస్తామని ఒకరు ముందుకు వచ్చారు. కొనవచ్చునా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కొనడానికి అభ్యంతరం లేదు గానీ, చవక ఎందుకో తెలుసుకుని కొనండి. స్వచ్ఛంద మార్కెట్ నాణ్యతను పరిశీలించే సమగ్రతా మండలి, పునరుత్పాదక విద్యుత్తుకు సంబంధించిన ఎనిమిది పాత పద్ధతులు అదనపుదనాన్ని తగినంత కఠినంగా పరీక్షించడం లేదంటూ 2024 ఆగస్టులో వాటికి తన నాణ్యతా ముద్రను నిరాకరించింది. వాడకుండా మిగిలిన 23 కోట్లకు పైగా క్రెడిట్లు ఈ నిర్ణయం కిందికి వచ్చాయి. మీకు చూపిస్తున్నవి ఆ కోవలోవే కావచ్చు. కొన్నా సరే, ప్రతి క్రెడిట్ క్రమసంఖ్యనూ రిజిస్ట్రీలో సరిచూసి, అది మీ సంస్థ పేరునే రిటైర్ అయినట్లు, అంటే మళ్లీ అమ్మడానికి వీల్లేకుండా శాశ్వతంగా రద్దయినట్లు, నమోదయ్యాక మాత్రమే డబ్బు పూర్తిగా చెల్లించండి. రిటైర్ చేయని క్రెడిట్‌ను అమ్మినవారు మరొకరికి మళ్లీ అమ్మగలరు. వార్షిక నివేదికలో దాన్ని ఉద్గారాల తగ్గింపుగా కాక క్రెడిట్ల కొనుగోలుగా, ప్రాజెక్టు పేరు, ఉత్పత్తి సంవత్సరంతో సహా రాయండి.