చెక్ విచారణ (చర్చి పారిష్) రిజిస్టర్లను అనువదించబోతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

టెక్సాస్‌లో స్థిరపడిన ఒక చెక్ కుటుంబం తమ పూర్వీకుల జ్ఞానస్నాన, వివాహ, మరణ నమోదులను ఇంగ్లీషులోకి తెచ్చే పని నీకు అప్పగించిందని రాశావు. సంతోషం. అయితే చెక్ భాష వచ్చినంత మాత్రాన ఈ పని సాగదు. 1784లో అప్పటి చెక్ ప్రాంతాలను ఏలిన రెండవ జోసెఫ్ చక్రవర్తి ఈ రిజిస్టర్లకు ప్రభుత్వ పత్రాల హోదా ఇచ్చి, గడులతో కూడిన నమూనాను విధించేదాకా, ఏది రాయాలో ఏది వదలాలో చాలావరకు ఆయా విచారణ గురువుల (చర్చి పాదిరీల) ఇష్టానికే సాగింది. భాష కూడా కాలాన్నీ ప్రాంతాన్నీ బట్టి లాటిన్, జర్మన్, చెక్‌ల మధ్య మారుతూ వచ్చింది. చెక్ మాటలను సైతం 19వ శతాబ్దం మధ్యకాలం దాకా కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో రాసేవారు కనుక ముందు ఆ లిపిని సాధన చెయ్యి. అందులో ‘ఈ’ (e), ‘ఎన్’ (n) అక్షరాలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి, ‘యు’ (u)ను గుర్తుపట్టడానికి పైనున్న చిన్న వంపే ఆధారం. దస్తూరి కొత్తదైతే, నీకు ముందే తెలిసిన ఊరిపేర్లను అదే గురువు రాసిన పక్క పేజీల్లో వెతికి, వాటినుంచి ఆయన అక్షరమాలను కూర్చుకో. తేదీల్లో ఏడు అంకె పక్కన ‘బ్రిస్’ అని కనిపిస్తే అది జూలై కాదు, సెప్టెంబరు (లాటిన్‌లో ఏడు అంటే ‘సెప్టెమ్’).

నన్ను అడిగితే, అనువాదకుడి నిజాయితీ తేలేది వృత్తి, హోదా రాసిన చోటే. సెడ్లాక్ అంటే నిండు కమతం ఉన్న రైతు. హలుప్నీక్‌కు చిన్న ఇల్లూ కొద్దిపాటి భూమీ ఉంటాయి. పొద్రుహ్‌కు సొంత ఇల్లే లేదు, మరొకరి ఇంట్లో తలదాచుకుంటాడు. ఒకే మనిషి కొడుకు జ్ఞానస్నానం నాటికి హలుప్నీక్‌గానూ, తన మరణ నమోదులో పొద్రుహ్‌గానూ కనిపిస్తే, ఆ మధ్య కాలంలో ఆ ఇంటికి ఏదో జరిగిందన్నమాట; అందరినీ ‘రైతు’ అని సరిపెట్టేస్తే ఆ కుటుంబం వెతుక్కుంటున్న చరిత్రే మాయమవుతుంది. అయితే ఏం జరిగిందో ఊహించి రాయడం నీ పని కాదు. ఇంటిపేర్ల విషయంలోనూ అంతే: ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఆ కమతం పేరే స్థిరపడిన సందర్భాలు పాత రిజిస్టర్లలో ఉన్నాయి, అందుచేత పేరు మారింది కదా అని ఇద్దరు మనుషులనుకోకు. 1770–71లో మొదలైన ఇంటి సంఖ్యలు అలాంటి చోట పేరుకంటే గట్టి ఆధారం, మధ్యలో సంఖ్యలను మార్చిన ఊళ్లున్నా సరే.

తండ్రి గడి ఖాళీగా ఉంటే అనువాదంలోనూ ఖాళీగానే ఉంచు. ఆ గడిలో తర్వాత ఎవరైనా సాక్షుల ఎదుట పితృత్వాన్ని ఒప్పుకొని ఉంటే, ఆ చేర్పు వేరే సిరాతోనో వేరే దస్తూరితోనో ఉందని విడిగా రాయి. పసిపిల్లల మరణ కారణంగా తరచూ కనిపించే ‘ప్సోత్నీక్’ను మూర్ఛలని రాసి ఆగిపో, దానికి నేటి వైద్యం పేరు తగిలించకు. చదవలేని మాటను చదరపు కుండలీకరణాల్లో ప్రశ్నార్థకంతో పెట్టి, ఏ ఆర్కైవు, ఏ పుస్తకం, ఎన్నో చిత్రమో ప్రతి నమోదు కిందా రాయి; చెక్ దేశపు ట్రెబోన్, బ్ర్నో ఊళ్ల ఆర్కైవులు స్కాన్లను అంతర్జాలంలో ఉచితంగానే పెట్టాయి కనుక ఆ కుటుంబం వాళ్లే సరిచూసుకోగలరు.

ధర మాత్రం పదాల లెక్కన ఒప్పుకోకు. నాలుగు పంక్తుల లాటిన్ నమోదు ఒక పూటంతా తినేయగలదు.

ఆశీస్సులతో,
నీ అన్న