మడ అడవుల్ని బతికించింది మొక్కలా, కాలువలా?

"కోరింగ మడ అడవుల మీద ప్రభుత్వం పెట్టిన డబ్బంతా మొక్కలు నాటే ఫొటోలకేనా, నిజంగా ఏమైనా పెరిగిందా?" అని అడిగారు. మాది కాకినాడ దగ్గర, ఆ అడవుల్ని ఆనుకున్న తాళ్ళరేవు వైపు. అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరివాళ్ల సంఘం, వన సంరక్షణ సమితిలో కొన్నేళ్లు పనిచేశాను. పెరిగింది. అయితే మొక్కలు నాటినందుకు కాదు, నీళ్లు ఆడేలా చేసినందుకు.

మడకు ఉప్పునీళ్లు ఉంటే చాలనుకుంటారు. దానికి కావాల్సింది వచ్చి పోయే నీళ్లు. చెట్లు కొట్టేసిన చోట ఎండ నేరుగా పడి బురద కుంగుతుంది, మధ్యలో పల్లం పడుతుంది. పెద్ద పోటుకు (సముద్రం పొంగినప్పుడు) ఎక్కిన నీళ్లు పాటుకు (సముద్రం వెనక్కి తీసినప్పుడు) దిగవు. అక్కడే ఎండి ఉప్పు పేరుకుంటుంది. అలాంటి చోట ఎన్ని వేల మొక్కలు పెట్టినా మాడిపోతాయి. ఆ కొట్టడం కూడా దొంగల పనే కాదండోయ్, ఒకప్పుడు అటవీ శాఖే అడవిని కూపులుగా, అంటే ముక్కలుగా పంచి, వంతుల వారీగా కొట్టించేది.

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు, అటవీ శాఖ కలిసి మా వైపు కాలువల పద్ధతి తెచ్చారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ చేపముల్లులా ఏటవాలుగా పిల్లకాలువలు. పాటు వేళ చూసుకుని దిగాలి. మోకాలి లోతు బురదలో దిగిన పార ఓ పట్టాన పైకి రాదు. మొక్కను కాలువ అడుగున పెడితే మునిగి చస్తుంది, గట్టు మీద పెడితే ఎండుతుంది. వాలులో, పోటు తగిలీ తగలని చోట పెట్టాలి. ఆ చోటు పట్టుకోవడం మాలో చేపలు పట్టేవాళ్లకే బాగా తెలిసేది, ఆఫీసర్లకు కాదు. నాటని చోట కూడా నీళ్లతో కొట్టుకొచ్చిన నల్లమడ గింజలు వాటంతటవే మొలిచాయి.

నరుకుడు తగ్గడానికి ఇంకో కారణం గ్యాసు. 1999లో దీపం పథకం కింద ఆడవాళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. అడవుల లెక్కల్లో దాని పేరు రాదు గానీ, మా ఇళ్లలో మడ కట్టెల మోపులు తగ్గింది ఆ తర్వాతే.

అభయారణ్యం 1978 నుంచీ ఉంది, లోపల కాపలా పర్వాలేదు. టెన్షనంతా హద్దు బయటే. ఒక రొయ్యల చెరువు ఆసామి పిల్ల పాయకు అడ్డంగా గట్టు వేసేశాడు. మేం వెళ్లి చెబితే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, వాళ్లు మళ్లీ మొదటి ఆఫీసే చూసుకోవాలన్నారు. ఆ పాయ వెనకాల మడ చాలావరకు పోయింది.

ఇక మంచినీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. మడకు గోదారి తీపినీళ్లూ కలవాలి. ఎండాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ దాటి కిందికి వచ్చేది తక్కువ. దాళ్వాకే, అంటే రెండో పంట వరికే, ఎగువన సీలేరు నుంచి వదిలిన నీళ్ల కోసం ఎదురుచూస్తాం కదా. పైన ఏజెన్సీలో అడవి పలచబడితే వానాకాలం వరద, వేసవిలో కటకట. అందుకే ఆ కొండల అడవిని, మన మడను రెండు వేర్వేరు పథకాల కింద చూడటం నాకు నచ్చదు.

మీరే వచ్చి చూడాలనుకుంటే పాటు తీసే వేళకు రండి. ప్లాంటేషన్ బోర్డు మీద అంకెలు చదవకండి. కాలువలో నీళ్లు ఏటి వైపు కదులుతుంటే ఆ మొక్కలు నిలుస్తాయి. నిలవ ఉండి పైన తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే, పూడిక ఎక్కడుందో చూసి మా సమితి వాళ్లకు చెప్పండి.