ఇండోనేషియాకే ఎందుకు వెళ్లాలంటోంది మా అమ్మాయి?

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మాయి ఫార్మ్‌-డి (ఆరేళ్ల ఫార్మసీ చదువు) పూర్తి చేయబోతోంది, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. తోటి పిల్లలు అమెరికా అంటున్నారు, లేదంటే హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల నమోదు) ఉద్యోగాలు చూసుకుంటున్నారు. ఈమె మాత్రం ఇండోనేషియా వెళ్లి పబ్లిక్ హెల్త్ రీసెర్చ్ చదువుతానని పట్టుబట్టింది. డెంగీ మీద అక్కడేదో పెద్ద పరిశోధన జరిగిందట. ఆ చదువు ఇక్కడ చెల్లుతుందా? ఆడపిల్లను ఒంటరిగా పంపొచ్చా? ఒక కన్సల్టెన్సీ వాళ్లు విజిటింగ్ వీసా మీద వెళ్లి మిగతావి అక్కడ చూసుకోవచ్చంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు ‘ఏదో పెద్ద పరిశోధన’ అని ఒక్క మాటలో దాటేసిన దగ్గరే మీ అమ్మాయి మనసు ఆగిపోయింది. అందుకే నేనూ అక్కణ్నుంచే మొదలుపెడతాను. అదేమిటో తెలిస్తే మీ భయంలో సగం పోతుంది. మిగతా సగం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

జావా దీవిలో యోగ్యకర్త అని ఒక ఊరుంది. మన అయోధ్య పేరు నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. అక్కడి గజమద విశ్వవిద్యాలయం (యూజీఎం అంటారు) వాళ్లు, వరల్డ్ మస్కిటో ప్రోగ్రామ్‌తో కలిసి డెంగీ దోమల్లోకి వొల్బాకియా అనే బ్యాక్టీరియాను ఎక్కించారు. పండ్ల మీద ముసిరే ఈగల్లో సహజంగా ఉండేదే అది. ఆ బ్యాక్టీరియా ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఊరిని 24 భాగాలు చేసి, చీటీలు తీసినట్టు 12 భాగాలను ఎంచుకుని, అక్కడ ఈ దోమల్ని పెంచారు. 2018 నుంచి 2020 మార్చి దాకా జ్వరంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 3 నుంచి 45 ఏళ్ల వాళ్లకు రక్తపరీక్ష చేసి, ఎవరిది డెంగీయో, ఎవరిది కాదో, వాళ్లు ఏ భాగంలో ఉంటారో చూశారు. దోమలు వదిలిన చోట 2,905 మందిలో 67 మందికి, వదలని చోట 3,401 మందిలో 318 మందికి డెంగీ తేలింది. అంటే డెంగీ 77 శాతం తగ్గింది. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన డెంగీ అయితే 86 శాతం తగ్గింది. 2021లో ఈ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతా అటు చూసింది. ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన ప్రొఫెసర్ ఆది ఉతారిని యూజీఎం మనిషే.

ఈ అంకెలు మీ అమ్మాయికి కంఠతా వచ్చే ఉంటాయి. వాటి వెనక జరిగిన పనిని ఆమెకంటే మీరే బాగా అర్థం చేసుకోగలరు. ఒక ఇంటి పెరడు ఊహించుకోండి. దోమ గుడ్లున్న చిన్న కాగితం ముక్క, కాస్త మేత, నీళ్లు వేసిన మూత బకెట్ ఒకటి ఆ పెరట్లో పెట్టాలి. రెండు వారాలకోసారి వచ్చి మార్చాలి. నీళ్లు నిల్వ ఉంచొద్దు, దోమలు పెరుగుతాయి అని ఇన్నేళ్లూ చెప్పిన వాళ్లే వచ్చి, అమ్మా మీ పెరట్లో దోమలు పెంచుతాం అంటే మీ కేంద్రానికొచ్చే తల్లులు ఏమంటారు? యోగ్యకర్తలో పని 2011లో మొదలైతే మొదటి దోమల్ని చిన్న ఎత్తున వదిలింది 2014లో. నడుమ గడిచిన ఏళ్లలో ఇంటింటికీ తిరిగారు, సమావేశాలు పెట్టారు, అనుమానాలు తీర్చారు. అదే 2023 నవంబరులో బాలి దీవిలో జనం అభ్యంతరం చెబితే దోమల విడుదల వాయిదా పడింది. దోమ అదే, బ్యాక్టీరియా అదే. ఊరి నమ్మకం దగ్గరే తేడా వచ్చింది.

ఈ రంగంలో నెగ్గుకొచ్చే పిల్లలు ఆ పెరట్లో కూర్చుని మాట్లాడగలిగిన వాళ్లే. నా సలహా మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది: పంపండి, కానీ ఈ ఏడాది వద్దు. ఒక ఏడాది, వీలైతే రెండేళ్లు ఇక్కడి ఊళ్లలోనో, ఇక్కడి ఆసుపత్రి వార్డుల్లోనో ఏదో ఒక పరిశోధనలో కింది స్థాయి పని చేశాక పంపండి.

అమెరికా కాకుండా ఇండోనేషియా ఏమిటన్న సందేహం మీకుంది. మన జబ్బులూ వాళ్ల జబ్బులూ ఒకటే అన్నది నా మొదటి జవాబు. క్షయ రోగుల సంఖ్యలో ప్రపంచంలో మనది మొదటి స్థానం, వాళ్లది రెండోది. పిల్లల ఎదుగుదల లోపం సంగతీ అంతే. 2013లో అక్కడ 37.2 శాతం పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేరు. 2018 సర్వేకి అది 30.8 శాతం అయింది. అక్కడ పోస్యాందు అని నెలకోసారి ఊళ్లో కేంద్రం నడుస్తుంది. వరసగా ఐదు బల్లలు వేస్తారు. ఒక బల్ల దగ్గర పేరు రాసుకుంటారు, తర్వాతి దగ్గర బిడ్డను తూస్తారు, మూడోచోట బరువును కార్డులో ఎక్కిస్తారు, నాలుగోచోట తల్లితో మాట్లాడతారు, ఐదోచోట టీకాల్లాంటివి. ఈ పనంతా నడిపించే ఊరి ఆడవాళ్లను కాదెర్ అంటారు. మీరు రేపు అక్కడికెళ్లి నిలబడితే ఏ బల్ల దగ్గర ఏం జరుగుతోందో భాష రాకుండానే చెప్పేస్తారు.

రెండో జవాబు కొంచెం పాతది, నాకు చాలా ఇష్టమైనది. 1880, 90ల్లో డచ్చి డాక్టర్ క్రిస్టియాన్ ఐక్‌మన్ జావాలోనే, ఇప్పటి జకార్తాలో, ఆసుపత్రి అన్నం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం గమనించాడు. తవుడంతా పోయేలా తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం అది. తర్వాత వోర్డర్‌మన్ అనే ఇంకో డాక్టర్ జావా, మదురా దీవుల్లోని 101 జైళ్ల లెక్క తీశాడు. తెల్లబియ్యం పెట్టే జైళ్లలో బెరిబెరి (మనుషుల్లోనూ అలాగే కాళ్లు పడిపోయే జబ్బు) ఎక్కువ, ముడిబియ్యం పెట్టే చోట దాదాపు లేనే లేదు. అదే బెరిబెరి ఆ కాలంలో మన కోస్తా జిల్లాలనూ పట్టి పీడించింది. కారణం కూడా ఆ బియ్యమే. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. బియ్యం తినే జనం కష్టానికి బియ్యం తినే దేశంలోనే ఆధారం దొరికింది.

విటమిన్-ఎ కథ మీ పనికి ఇంకా దగ్గర. మీరు పిల్లల నోట్లో వేయించే ఆ విటమిన్ సిరప్ గురించే. ఆల్‌ఫ్రెడ్ సోమర్ బృందం 1980ల్లో సుమత్రా ఉత్తర కొసన ఉన్న ఆచేలో 450 ఊళ్లు తీసుకుని, సగం ఊళ్లలో పిల్లలకు ఆరునెలలకోసారి విటమిన్-ఎ ఇప్పించింది. ఆ ఊళ్లలో పిల్లల మరణాలు 34 శాతం తక్కువగా ఉన్నాయి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటిదే చేసి 1990లో ఫలితాలిస్తే, రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అదే ఏడాది వచ్చిన తమిళనాడు పరిశోధనలో మరణాలు సగానికి పైగా తగ్గాయి. సిబ్బంది తరచూ ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చూడటమే రెండు గుంపుల్నీ కాపాడిందా అని హైదరాబాద్ ఫలితం మీద చర్చ జరిగింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవమని మీ అమ్మాయికి చెప్పండి. ఎందుకిలా అని ఆమెకు నిద్ర పట్టకపోతే ఈ రంగం ఆమెదే.

ఆసుపత్రి వైపు పరిశోధనకు ఫార్మ్‌-డి చాలా మంచి పునాది. బాందుంగ్ నగరంలోని హసన్ సాదికిన్ ఆసుపత్రిలో, మెదడు పొరలకు క్షయ సోకిన 60 మంది మీద జరిగిన పరిశోధన ఒకటుంది. రిఫాంపిసిన్ అనే క్షయ మందును మామూలుగా నోటి ద్వారా ఇవ్వడానికి బదులు మోతాదు పెంచి నరానికి ఇస్తే ఏమవుతుందని చూశారు. ఆరు నెలలకు మామూలు మోతాదు వాళ్లలో 65 శాతం, పెంచిన వాళ్లలో 35 శాతం చనిపోయారు. 2013లో అది పెద్ద ఆశ రేపింది. అయితే వియత్నాంలో 817 మందితో, రిఫాంపిసిన్ మోతాదు కొంత పెంచి ఇంకో మందు కూడా కలిపి చూసినప్పుడు ప్రాణాలు ఎక్కువగా నిలబడలేదు. మందు రక్తంలోకి ఎంత చేరింది, మెదడు నీరులోకి ఎంత వెళ్లింది అని కొలిచేది ఫార్మకాలజీ వాళ్లే. మీ అమ్మాయికి ఇందులో చోటుంది. ఈ పనికీ, అమీర్‌పేటలో మూణ్నెల్లకు నేర్పే క్లినికల్ రీసెర్చ్ కోర్సుకూ చాలా దూరం. ఆ కోర్సులతో వచ్చేవి కాగితాలు సరిచూసే ఉద్యోగాలు. అవి గౌరవమైన ఉద్యోగాలే, అవసరమైనవే. కానీ ఈమె అడుగుతున్నది అది కాదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

ఇప్పుడు కన్సల్టెన్సీ మాట. ఇక్కడ కఠినంగా చెబుతున్నాను, దయచేసి వినండి. విజిటింగ్ వీసా మీద వెళ్లి పరిశోధన చేయడం అక్కడ చట్టవిరుద్ధం. 2019 నాటి వాళ్ల చట్టం ప్రకారం విదేశీయులు పరిశోధన చేయాలంటే ముందస్తు అనుమతి ఉండాలి, స్థానిక సంస్థ భాగస్వామిగా ఉండాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. అనుమతులు చూసేది బ్రిన్ అనే జాతీయ పరిశోధన సంస్థ. ఎవరి రక్తం నమూనానైనా దేశం దాటించాలంటే దానికి వేరే ఒప్పందం కావాలి. ఈ నిబంధనలు ఊరికే రాలేదు. బయటి వాళ్లు వచ్చి, నమూనాలు పట్టుకుపోయి, పేపర్లు రాసుకుని, ఊరివాళ్లకు ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయిన అనుభవం చాలా పేద దేశాలకు ఉంది. ఆ నియమాలను గౌరవించడం కూడా ఆమె చదువులో భాగమే. కాబట్టి ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కట్టకండి. స్టూడెంట్ వీసా మీద, యూనివర్సిటీకి నేరుగా దరఖాస్తు చేసుకునే వెళ్లాలి.

దారులున్నాయి. యూజీఎంలోని వైద్య, ప్రజారోగ్య, నర్సింగ్ ఫ్యాకల్టీ, దెపోక్‌లో యూనివర్సితాస్ ఇండోనేషియా, సురబాయాలో ఐర్‌లాంగా విశ్వవిద్యాలయం... మొదట ఈ మూడింటినీ చూడమనండి. ఏ కోర్సు ఇంగ్లిష్‌లో చెబుతారో ప్రతి ఏడాదీ సరిచూసుకోవాలి. అభివృద్ధి చెందుతున్న దేశాల విద్యార్థులకు ఇండోనేషియా ప్రభుత్వం కేఎన్‌బీ పేరుతో స్కాలర్‌షిప్పులు ఇస్తూ వచ్చింది. అందులో భాష నేర్పే కాలం కూడా కలిసి ఉంటుంది. డబ్బు ఇబ్బంది ఉన్న ఇంటికి ఇది పెద్ద ఊరట. ఆ ఏడాది ప్రకటన ఏ పేరుతో వచ్చిందో వాళ్ల రాయబార కార్యాలయం సైట్‌లో చూడండి. చెల్లుబాటు గురించి అడిగారు. పబ్లిక్ హెల్త్ పీజీకి డాక్టర్ చదువులాగా లైసెన్స్ పరీక్ష ఉండదు. అయితే ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికో, పీహెచ్‌డీకో డిగ్రీ సమానత్వ ధ్రువపత్రం అడుగుతారు. దాని నిబంధనలు చేరకముందే చదివి పెట్టుకోవాలి. చదువయ్యాక అక్కడే ఉద్యోగం దొరుకుతుందని మాత్రం లెక్క వేసుకోవద్దు. తిరిగి వచ్చి ఇక్కడ ప్రాజెక్టుల్లో చేరడమో, పీహెచ్‌డీకి మరో చోటికి వెళ్లడమో జరుగుతుంది. జీతాలు సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకునేలా ఉండవు. ఇది ఆమెకు ఇప్పుడే తెలియాలి, మీకూ తెలియాలి.

ఇక్కడ గడిపే ఏడాదిలో ఏం చేయాలంటే, ఎన్‌ఐఎన్‌లోనో, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనో, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిధులతో మెడికల్ కాలేజీల్లో నడిచే ప్రాజెక్టుల్లోనో ఒప్పంద ఉద్యోగాలు పడుతుంటాయి. జీతం తక్కువైనా చేరమనండి. సమ్మతి పత్రం చదివి వినిపించడం, మధ్యాహ్నం ఎండలో తలుపు కొట్టడం, వద్దన్న ఇంటికి మర్యాదగా వారం తర్వాత మళ్లీ వెళ్లడం అక్కడే వస్తాయి. సాయంత్రాలు ఇండోనేషియన్ ఫ్యామిలీ లైఫ్ సర్వే డేటా తీసి పనిచేయమనండి. 1993 నుంచి 2014 దాకా అవే కుటుంబాలను ఐదుసార్లు కలిసి సేకరించిన సమాచారం అది. పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది. మన ఆంధ్ర, తెలంగాణ పిల్లల్ని 2002 నుంచి అనుసరిస్తున్న యంగ్ లైవ్స్ డేటా కూడా పరిశోధకులకు అందుబాటులో ఉంది. రెండూ చూసిన మనిషికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత మాట ఉంటుంది.

భాష ఇప్పుడే మొదలుపెట్టమనండి. లిపి ఇంగ్లిష్ అక్షరాలే. కొన్ని మాటల్లో చుట్టరికం తగులుతుంది: బహాసా అంటే భాష, బూమి అంటే భూమి, గురు అంటే గురువే, భర్తను సువామి అంటారు, భార్యను ఇస్త్రి అంటారు. ఆసుపత్రి మాత్రం రుమా సాకిత్, అంటే జబ్బు ఇల్లు. భాష రాని పరిశోధకురాలు ఎక్కడ దెబ్బ తింటుందో ఒక్క ఉదాహరణ. ‘నాకు మాసుక్ ఆంగిన్’ అంటారు అక్కడి వాళ్లు, ఒంట్లోకి గాలి చొరబడిందని. వికారం, ఒళ్లునొప్పులు, జ్వరం, చలి, కడుపుబ్బరం అన్నీ ఆ మాటలోకి వస్తాయి. నూనె రాసి నాణెంతో వీపు మీద ఎర్రచారలు తేలేలా గీస్తారు, దాన్ని కెరోకాన్ అంటారు. ప్రశ్నాపత్రంలో ‘జ్వరం వచ్చిందా’ అని మాత్రమే రాసుకుని వెళ్తే ఆ మనిషి లేదంటాడు, మీ పట్టికలో ఒక జ్వరం కేసు తప్పిపోతుంది.

భద్రత గురించి: యోగ్యకర్త విద్యార్థుల ఊరు, దేశం నలుమూలల నుంచీ ఆడపిల్లలు వచ్చి చదువుకుంటారు. రోజూ అన్నమే, కారం ఉంటుంది, టెంపే అని సోయాగింజలతో చేసే వంటకం చవగ్గా దొరుకుతుంది. దగ్గర్లో మెరాపి అగ్నిపర్వతం ఉంది కాబట్టి యూనివర్సిటీ ఇచ్చే హెచ్చరికలు వినాలి. మొదటి ఏడాది క్యాంపస్‌కు దగ్గరలో అమ్మాయిల వసతి చూసుకోవాలి. పల్లెలకు ఒంటరిగా కాకుండా జట్టుతోనే వెళ్లాలి. ఇవి ఖమ్మంలో ఫీల్డ్ పనికి వెళ్లినా నేను చెప్పే జాగ్రత్తలే.

ఇంటర్న్‌షిప్ అయ్యేలోపు ఒక్క పని చేయండి. ఈసారి మీ కేంద్రంలో పిల్లల్ని తూచే రోజున ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు రిజిస్టర్‌లో రాసేదీ, రాయకుండా మనసులో ఉంచుకునేదీ రెండూ ఆమెకు చెప్పండి. ఆ సాయంత్రం ఆమెకు ఏ ప్రశ్న తట్టిందో ఒక పేరాలో రాసి నాకు పంపమనండి. ఏ ప్రాజెక్టులో ముందు చేరాలో దాన్ని బట్టి చెబుతాను.