చెరువు అమ్మేముందు ఐ-20 మీద కోడ్ చూడండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అబ్బాయికి అమెరికాలో ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్)లో ఎంఎస్ సీటొచ్చింది. రెండేళ్లకు 36 లక్షలవుతుందట. 12 లక్షల ఎఫ్‌డీ, కావలిలో సొంతిల్లు, రెండెకరాల రొయ్యల చెరువు ఉన్నాయి. చెరువు అమ్మాలా, అప్పు చేయాలా?

జవాబు: చెరువు జోలికి పోకండి. వీసా గడువు నెత్తిన పెట్టుకుని అమ్మితే కొనేవాడు చెప్పిందే రేటు.

డబ్బు కన్నా ముందు చూడాల్సింది ఐ-20లో, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో, కోర్సు పేరుతో ఉండే సీఐపీ కోడ్. కోర్సు ఏ కోవకు చెందిందో చెప్పే నంబరది. ఎంఐఎస్‌ని ఒక యూనివర్సిటీ 11తో మొదలయ్యే కంప్యూటర్ కోడ్ కింద పెడుతుంది, ఇంకోటి 52తో మొదలయ్యే బిజినెస్ కోడ్ కింద. ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే 12 నెలల ఓపీటీకి, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతికి, మరో 24 నెలలు కలుస్తాయి. లేకుంటే 12 నెలలే. అప్పు తీర్చేది ఆ డాలర్ జీతంతోనే కదా! ఐ-20 ఇంకా రాకపోతే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి కోడ్ అడగమనండి. స్టెమ్ కాదంటే వేరే సీటు చూసుకోమంటాను.

ఇక తాకట్టు. మీ చెరువు రికార్డుల్లో సాగుభూమిగా ఉంటే దాన్ని విద్యా రుణానికి బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని అమ్ముకునే వీలు బ్యాంకుకిచ్చే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు కాబట్టి, బాకీ పడితే ఆ చట్టం కింద వేలం వేయలేరు. ఇల్లు పెట్టండి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే పత్రం), ఇంటిపన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్ బ్యాంకు లాయరు చూస్తాడు. ఇల్లు ఇంకా తాతగారి పేరునే ఉన్నా, ప్లానులో లేని పై అంతస్తు వేసినా ఫైలు అక్కడే ఆగుతుంది. అందుకే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

లెక్క ఇదీ. విదేశీ చదువుకు మార్జిన్, అంటే మీ చేతి నుంచి పెట్టాల్సిన వాటా, మామూలుగా 15 శాతం, అంటే 5.4 లక్షలు. మీరు 6 లక్షలు పెట్టి 30 లక్షలు అప్పు తీసుకోండి. ఆరు నెలలకోసారి 7.5 లక్షల చొప్పున నాలుగు విడతలు, వడ్డీ 10.5 శాతం అనుకుందాం. చదువు రెండేళ్లు, ఆపైన ఏడాది గడువు. ఈ మూడేళ్లూ వడ్డీ కట్టకపోతే బాకీ దాదాపు 37.1 లక్షలవుతుంది, పదేళ్ల ఈఎంఐ 50 వేలు. ఎప్పటికప్పుడు కడితే ఈఎంఐ 40,500. మొదటి విడతకు నెలకు 6,560, నాలుగూ విడుదలయ్యాక 26,250 వడ్డీ పడుతుంది. చదువుకాలం రెండేళ్లకు మొత్తం 3.94 లక్షలు. మిగిలిన 6 లక్షల ఎఫ్‌డీలోంచి దీన్ని విడిగా ఒక ఖాతాలో వేసి, బ్యాంకుకు ఆటో డెబిట్ ఇచ్చేయండి. రొయ్యల పట్టుబడి వచ్చాక కడదాంలే అనుకుంటే వైట్‌స్పాట్ తెగులు వచ్చిన పంటకు వాయిదా తప్పుతుంది. మూడో ఏడాది వడ్డీ అబ్బాయి కట్టుకోవాలి. చదువుకాలంలో వడ్డీ కడితే కొన్ని బ్యాంకులు 1 శాతం తగ్గిస్తాయి. ఆ మాట శాంక్షన్ లెటర్లో రాయించుకోండి.

శాంక్షన్ మాత్రం 15 శాతం మార్జిన్ పోగా వచ్చే పూర్తి 30.6 లక్షలకు అడగండి. రూపాయి కాస్త పడిపోతేనో, రెండో ఏడాది ఫీజు కొద్దిగా పెరిగితేనో మళ్లీ ఫైలు తిప్పక్కర్లేదు, వాడుకున్న దానికే వడ్డీ. రుణం డబ్బు బ్యాంకు నేరుగా యూనివర్సిటీకి పంపితే టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే పట్టుకునే పన్ను) కూడా ఉండదు.

అబ్బాయి పేరున అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ విడిగా తీసుకోండి, తాకట్టులో ఉన్నది మీ ఇల్లు.

క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని దొరుకుతుందని బడ్జెట్లో రాసుకోకండి. ఖాతాలో బ్యాలెన్స్ చూపించడానికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, ఎవరి దగ్గరా తేవద్దు. ఐ-20కి బ్యాంకు శాంక్షన్ లెటరే నిధుల రుజువుగా చెల్లుతుంది.