ఇత్తడి షాండ్లియర్‌ను చింతపండుతో తోమవచ్చా?

ప్రశ్న: కొత్త ఇంట్లో డైనింగ్ టేబుల్ పైన ఇత్తడి కొమ్మలకు గాజు గోళాలున్న షాండ్లియర్ పెట్టించాం. ఏ రెండు గోళాలూ ఒకేలా లేవు. రెండింట్లో బుడగలు కూడా ఉన్నాయి. ఏడాది తిరక్కుండానే ఇత్తడి నల్లబడుతోంది. నాసిరకం అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. చింతపండుతో తోమవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: గోళాల గురించి బెంగ పెట్టుకోకండి. కరిగిన గాజు ముద్దను గొట్టం చివర చుట్టి, తిప్పుతూ నోటితో ఊదుతారు. ముద్ద కాస్త ఎక్కువైనా, ఊపిరి కాస్త తగ్గినా సైజు మారిపోతుంది. కరిగిన గాజులో చిక్కుకున్న గాలే ఆ బుడగ. ఈ కొమ్మల తరహాకు పేరు తెచ్చిన వాటిలో న్యూయార్క్ డిజైనర్ లిండ్సీ ఆడెల్మన్ 2006లో చేసిన 'బ్రాంచింగ్ బబుల్' ఒకటి. అందులోనూ ఇత్తడి భాగాలు మెషీన్ మీద కొలత ప్రకారం తీసినవే, గాజు మాత్రం మనిషి ఊదినదే. నాకు ఈ దీపాలు ఇష్టం కావడానికి కారణం అదే. మీరు చూడాల్సింది పగుళ్ల కోసం. హోల్డర్ దగ్గర గాజు అంచు మీద గీత కనిపించి, అది గోటికి తగిలితే ఆ గోళాన్ని వెంటనే మార్పించండి.

ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే. మీ ఊరి తేమకు, ఉప్పుగాలికి అది తొందరగానే నల్లబడుతుంది. తోమే ముందు లాకర్ పూత (ఇత్తడి నల్లబడకుండా పైన వేసే పారదర్శకమైన పూత) ఉందో లేదో తేల్చుకోండి. కనపడని చోట చుక్క బ్రాసో (లోహాలకు వాడే పాలిష్) వేసి తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే పూత లేనట్టే. అంటకపోతే పూత ఉంది, దానికి చింతపండూ పీచూ తగలనివ్వకండి. గీతలు పడి పూత లేస్తుంది, అక్కడక్కడా మచ్చలు తేలతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

పూత లేకపోతే చింతపండు వాడవచ్చు. కానీ వేలాడుతుండగా వద్దు, పులుసు నీళ్లు హోల్డర్లలోకి దిగుతాయి. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ఆపించి, కొమ్మలు విప్పించి, వైర్లు తీయించాకే తోమండి. కడిగి పూర్తిగా ఆరాకే బిగించాలి. నన్నడిగితే తోమొద్దనే అంటాను. అంతటా సమంగా పడిన ముదురు గోధుమ రంగు ఈ డిజైన్‌కు తళతళలాడే పసుపు కంటే బాగా నప్పుతుంది.

బల్బులు పసుపు ఛాయ వెలుగునిచ్చే 2700 కెల్విన్ ఎల్‌ఈడీలే వేయించండి. తెల్లటి వెలుగులో ఎంత మంచి ఇత్తడైనా వెలవెలబోతుంది.